ఇంగ్లీషులో ‘లై’, ‘డిసీవ్’, ‘మిస్‌లీడ్’: తేడా ఏమిటి?

మూడింటినీ ‘మోసం’ అని సరిపెట్టుకుంటే అసలు సంగతి చేజారుతుంది. అబద్ధమని తెలిసీ చెబితే ‘లై’. ఎదుటివారు నమ్మారా లేదా అన్నదానితో పని లేదు. ‘డిసీవ్’ అనాలంటే వాళ్లు నమ్మి ఉండాలి.

జాగ్రత్తగా చూడవలసింది ‘మిస్‌లీడ్’ను. ఒక్క అబద్ధమూ ఆడకుండా తప్పుదోవ పట్టించవచ్చు. ‘అప్పు కట్టావా?’ అంటే ‘నిన్ననే బ్యాంకుకు వెళ్లొచ్చాను’ అంటాడు ఒకడు. వెళ్లిన మాట నిజం, కట్టాడన్నది మన ఊహ. ఇలా నిజాలతోనే బురిడీ కొట్టించడాన్ని ‘పాల్టరింగ్’ అంటారు. నేరుగా ఆడే అబద్ధం కన్నా ఇదే ప్రమాదకరమని నా అభిప్రాయం; పట్టుబడినా ‘నేనలా అనలేదే’ అని తప్పించుకోవచ్చు. అయితే ‘మిస్‌లీడ్’కు దురుద్దేశం తప్పనిసరి కాదు, తప్పు బాణం గుర్తున్న బోర్డూ ఆ పని చేస్తుంది.

ఈ తేడా కోర్టు దాకా వెళ్లింది. 1986లో బ్రిటన్ క్యాబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆస్ట్రేలియాలో సాక్ష్యమిస్తూ, ఒక లేఖ తప్పుడు అభిప్రాయం కలిగించిందని ఒప్పుకున్నారు గానీ అబద్ధమని ఒప్పుకోలేదు. నిజాన్ని పొదుపుగా వాడటమన్నారు. ‘ఎకనామికల్ విత్ ద ట్రూత్’ అనే నుడికారం అలా జనంలోకి వచ్చింది.