మీ ప్రశ్నలు, మా జవాబులు: పాత కంప్యూటర్ ఆన్ అవ్వడానికి తొమ్మిది నిమిషాలు ఎందుకు?

ప్రశ్న: మా ఇంట్లో డెస్క్‌టాప్ 2014లో కొన్నాం. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉంది. ఏడాది నుంచి ఆన్ చేస్తే ఎనిమిది తొమ్మిది నిమిషాలు పడుతోంది, డెస్క్‌టాప్ వచ్చాక కూడా ఏది నొక్కినా గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలి, దానికీ తగ్గకపోతే మదర్‌బోర్డు మార్చాలి అన్నారు. కాలం చేసిన మా వారి ఫొటోలు, పిల్లల పెళ్లి వీడియోలు అందులో ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: టీచర్ గారూ, ఆ ఫొటోలు ఇంకో చోట కాపీ అయ్యేదాకా ఆ సిస్టమ్ ఎవరి చేతికీ ఇవ్వకండి. స్పీడ్ సంగతి తర్వాత చూద్దాం. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఇన్నాళ్లూ బాగానే ఉండి ఏడాదిగా మెల్లమెల్లగా నెమ్మదించిన పాత హార్డ్ డిస్క్ చాలాసార్లు పోయే ముందు అలాగే చేస్తుంది, పైగా ఫార్మాట్ కొట్టేటప్పుడు షాపు కుర్రాడికి మీ సీ డ్రైవ్‌లో డెస్క్‌టాప్ మీద ఉన్న ఫోల్డర్‌లో ఏముందో తెలియదు కదా. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి, లేదంటే పెద్ద పెన్‌డ్రైవ్‌లు రెండు తెచ్చుకోండి, ముందు మీ వారి ఫొటోలు, ఆ తర్వాత పెళ్లి వీడియోలు, ఆ తర్వాతే మిగతావి. మొత్తం ఒకేసారి సెలెక్ట్ చేసి కాపీ పెట్టొద్దు, ఒక్కో ఫోల్డర్ చెయ్యండి, ఎక్కడైనా ఒక ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని స్కిప్ చేసి ముందుకి వెళ్లిపోండి, ఆ ఒక్క ఫైల్ కోసం పట్టుబడితే డిస్క్ ఇంకా అలిసిపోతుంది. సీపీయూ దగ్గర చెవి పెట్టి వినండి, టక్... టక్... అని ఆగి ఆగి శబ్దం వస్తుంటే కాపీ కూడా ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లనే అడగండి.

కాపీ అయిపోయిందా? ఇప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని టైమ్ చూడండి. మొత్తం తొమ్మిది నిమిషాలు అంటే లాభం లేదు, అది మూడు ముక్కలుగా తెలియాలి. బటన్ నొక్కిన దగ్గర్నుంచి విండోస్ గుర్తు వచ్చేదాకా ఎంత, ఆ గుర్తు కింద చుక్కలు తిరగడం మొదలయ్యాక పాస్‌వర్డ్ అడిగేదాకా ఎంత, పాస్‌వర్డ్ కొట్టాక ఒక ఫోల్డర్ తెరిస్తే వెంటనే తెరుచుకునేదాకా ఎంత. ఎక్కడ ఎక్కువ పట్టిందో అక్కడే రోగం ఉంటుంది.

మొదటి ముక్కలోనే నిమిషం పైన పడుతుంటే విండోస్ తప్పేమీ లేదు, అది ఇంకా మొదలవ్వనేలేదు. వెనకాల ఉన్న పెన్‌డ్రైవ్, కార్డ్ రీడర్, ప్రింటర్ యూఎస్‌బీ అన్నీ పీకేసి ఒకసారి ఆన్ చేసి చూడండి, పాత బోర్డులు వాటిలో దేన్నుంచి బూట్ అవ్వాలా, అంటే లేవాలా అని వెతుక్కుంటూ కూర్చుంటాయి. పీకేసినా తేడా లేకపోతే హార్డ్ డిస్కే పిలిస్తే పలకడం లేదు అనుకోవాలి.

రెండో ముక్క, మూడో ముక్క లెక్క కంప్యూటరే రాసిపెట్టుకుంటుంది, ఇది చాలామందికి తెలియదు. స్టార్ట్ దగ్గర ఈవెంట్ వ్యూయర్ అని టైప్ చేసి తెరవండి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్, చివర్న ఆపరేషనల్. అక్కడ 100 నంబర్ ఉన్న లైన్ మీద నొక్కితే బూట్ డ్యూరేషన్ అని మిల్లీసెకన్లలో ఉంటుంది, 60,000 అంటే ఒక నిమిషం అన్నమాట. 101 నంబర్ లైన్లు ఉంటే ఏ ప్రోగ్రామ్ ఆలస్యం చేసిందో పేరుతో సహా ఉంటుంది, 102 అయితే డ్రైవర్, 103 అయితే సర్వీస్. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్తే మీతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది, చిన్నగా కనిపిస్తే కింద మోర్ డీటెయిల్స్ నొక్కండి. స్టార్టప్ అనే ట్యాబ్‌లో సిస్టమ్‌తో పాటు లేచే ప్రోగ్రామ్‌లన్నీ ఉంటాయి, పక్కన హై, మీడియం, లో అని కూడా రాసి ఉంటుంది. వీడియో కాల్ యాప్‌లు, టొరెంట్, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్, ఇవన్నీ రైట్ క్లిక్ చేసి డిజేబుల్ కొట్టండి, డిజేబుల్ అంటే డిలీట్ అవ్వదు, కావాల్సినప్పుడు మీరు తెరిస్తే తెరుచుకుంటుంది. సౌండ్‌ది, విండోస్ సెక్యూరిటీ మాత్రం ముట్టుకోవద్దు. కొన్నప్పుడు షాపులో వేసిన యాంటీవైరస్ ట్రయల్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అయినా రోజూ లేచి డిస్క్‌ని తవ్వుతూ రెన్యూ చెయ్యమని అడుగుతూనే ఉంటుంది, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి, విండోస్‌లో ఉన్న డిఫెండర్ దానంతట అదే ఆన్ అవుతుంది.

ఇవన్నీ చేస్తే తొమ్మిది నిమిషాలు ఆరో అయిదో అవ్వొచ్చు. అంతకంటే ఎక్కువ ఆశ పెట్టి మిమ్మల్ని మోసం చెయ్యలేను, ఎందుకంటే నా అంచనాలో అసలు భారం హార్డ్ డిస్క్‌దే. అదే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ అన్న దాని మీద నొక్కి చూడండి, 100 శాతం అని ఉండి, స్పీడ్ మాత్రం సెకనుకి ఒకటి రెండు ఎంబీ దగ్గర కొట్టుకుంటుంటే ఇక అనుమానం అక్కర్లేదు. హార్డ్ డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైనే. ఒక చిన్న ఫైల్ కావాలంటే ముల్లు అక్కడికి జరగాలి, పళ్లెం తిరిగి ఆ చోటు ముల్లు కిందకి రావాలి, అప్పుడు చదవాలి. ఇలా సెకనుకి వంద చోట్లకి వెళ్లి రావడమే దానికి గగనం. విండోస్ లేచేటప్పుడు అడిగేది వేల కొద్దీ చిన్న చిన్న ఫైల్స్, అవీ డిస్క్ అంతా చెల్లాచెదురుగా ఉంటాయి. కిరాణా కొట్టులో ఒక్కడే కుర్రాడు ఉండి, మీ చీటీలో ఒక్కో సరుకుకీ ఒక్కోసారి లోపలి గదికి వెళ్లి వస్తుంటే ఎంతసేపు పడుతుంది, అలాగన్నమాట. హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే ఎస్ఎస్‌డీ అంటే చిప్‌ల మీద రాసుకునే డిస్క్, దాంట్లో తిరిగేది ఏమీ లేదు, వెళ్లి రావడం అనేదే లేదు.

కాబట్టి డబ్బు పెట్టేది ఉంటే మొదట ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 240 లేదా 256 జీబీ విండోస్‌కి చాలు, పాత హార్డ్ డిస్క్ బాగుంటే ఫైల్స్ కోసం పక్కనే ఉంచుకోవచ్చు. ఆ తర్వాత ర్యామ్ 8 జీబీ చెయ్యండి, మీ బోర్డుకి దాదాపు డీడీఆర్3యే పడుతుంది, ఉన్న ర్యామ్ స్టిక్కర్ ఫొటో తీసుకుని వెళ్లండి. మదర్‌బోర్డు మార్చమన్న మాట మాత్రం నాకు నచ్చలేదు, బోర్డు మార్చి అదే హార్డ్ డిస్క్ పెడితే మళ్లీ అదే కథ.

కొనే ముందు ఒక్కటి చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేస్తే డిస్క్ ఆరోగ్యం రంగులో చూపిస్తుంది, నీలం అయితే బాగున్నట్టు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే పోయినట్టే. కింద లిస్టులో 05, సీ5 లైన్లలో సంఖ్యలు పెరుగుతుంటే పళ్లెం మీద చోట్లు పాడవుతున్నాయని అర్థం. సీ7 లైన్ వేరు, అది కేబుల్ సంగతి. నా దగ్గరకి ఒక డెస్క్‌టాప్ వచ్చింది, ఏడు నిమిషాల బూట్, 05లో సున్నా, సీ5లో సున్నా, సీ7లో మాత్రం పెద్ద సంఖ్య ఉంది. మూత తీసి చూస్తే డిస్క్‌ని బోర్డుకి కలిపే ఎర్ర సాటా కేబుల్ క్యాబినెట్ తలుపుకి నొక్కుకుపోయి పదునుగా మడత పడి ఉంది, పంపిన ప్రతిదీ తప్పుగా చేరి మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తోంది. కొత్త కేబుల్ పెట్టాక రెండు నిమిషాల్లో లేచింది. అందుకే ముందు చూసి తర్వాత కొనమంటాను.

ఇంకో మాట. వీడియోలలో రన్ అనే పెట్టెలో టెంప్ కొట్టండి, ప్రిఫెచ్ కొట్టండి, అంతా డిలీట్ చెయ్యండి అని చెప్తుంటారు. టెంప్ పరవాలేదు, కాస్త జాగా మిగులుతుంది. ప్రిఫెచ్ మాత్రం విండోస్ తొందరగా లేవడానికి తనే రాసుకున్న గుర్తులు, అవి తీసేస్తే తర్వాతి బూట్ ఇంకా నెమ్మది అవుతుంది. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) శుభ్రం చేస్తామనే క్లీనర్‌లకి డబ్బు కట్టొద్దు.

కొత్తది కొనాలా అంటారా, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, నమోదు చేసుకున్నవాళ్లకి ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్ కూడా 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి, మీ దానికి రాదు. ఫొటోలు చూసుకోవడం, ఉత్తరాలు టైప్ చెయ్యడం, వీడియోలు చూడటం వరకే అయితే ఎస్ఎస్‌డీ పెట్టి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోండి, ఉచితం, తెలుగు కూడా బాగా వస్తుంది. పింఛను బ్యాంకు పని మాత్రం అప్‌డేట్స్ ఆగిపోయిన విండోస్‌లో చెయ్యకండి.

ప్రశ్న: నేను డీటీపీ చేస్తాను, శుభలేఖలు, కరపత్రాలు. విండోస్ 7లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్స్ మీదే పని అంతా. సిస్టమ్ లేవడానికి ఆరు నిమిషాలు, పెళ్లిళ్ల సీజన్‌లో కరెంటు పోయిందంటే కస్టమర్ ముందు తల దించుకోవాల్సి వస్తోంది. ఎస్ఎస్‌డీ పెడితే మళ్లీ అన్నీ ఇన్‌స్టాల్ చెయ్యాలా? పాత సీడీలు లేవు.
– ఒక డీటీపీ ఆపరేటర్, హన్మకొండ

జవాబు: అక్కర్లేదండీ, క్లోన్ చేయించండి. అంటే ఉన్న హార్డ్ డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టు ఎస్ఎస్‌డీలోకి దించడం, ఫాంట్స్, కీబోర్డ్ లేఅవుట్, మీ పాత పేజీలు అన్నీ అలాగే వస్తాయి. చాలా ఎస్ఎస్‌డీ కంపెనీలు తమ సైట్‌లోనే ఆ సాఫ్ట్‌వేర్ ఇస్తాయి, లేదా క్లోన్‌జిల్లా ఉచితం, కానీ దాంట్లో కొత్త డిస్క్ పాత దానికంటే చిన్నది అయితే ఇబ్బంది పెడుతుంది, పైగా ఏది పాత డిస్క్ ఏది కొత్త డిస్క్ అన్నది తప్పు ఎంచుకుంటే ఖాళీ డిస్క్ వచ్చి మీ పని మీద పడుతుంది. అలవాటు ఉన్నవాళ్ల చేత మీ ఎదురుగానే చేయించుకోండి. క్లోన్ అయ్యాక పాత హార్డ్ డిస్క్ తీసి బీరువాలో పెట్టండి, నెల రోజులు దాన్ని ముట్టుకోవద్దు.

ఒక్క జాగ్రత్త. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్‌లలో, సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉంటే, స్పీడ్ కోసం ఎవరైనా నేరుగా ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతికి మారిస్తే విండోస్ 7 నీలం తెర వేసి ఆగిపోతుంది. ముందు రిజిస్ట్రీలో ఆ డ్రైవర్ ఆన్ చేసి, తర్వాత బయోస్‌లో మార్చాలి. తెలియకపోతే ఐడీఈలోనే ఉంచెయ్యండి, అప్పుడు కూడా హార్డ్ డిస్క్ కంటే చాలా తొందరగా లేస్తుంది. స్టార్టప్ తగ్గించుకోవాలంటే మీ దాంట్లో రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టాలి, అందులో అను స్క్రిప్ట్ మేనేజర్ టిక్ మాత్రం తీసెయ్యొద్దు, రేపు పొద్దున్న తెలుగు పడట్లేదని కంగారు పడతారు. అక్కడే ప్రాసెసర్ల సంఖ్య పెంచితే స్పీడ్ వస్తుందని చెప్పేది నిజం కాదు.

విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14తోనే ఆగిపోయింది కాబట్టి ఆ సిస్టమ్‌కి నెట్ తీసెయ్యండి, మేటర్లు ఫోన్‌లోనో వేరే సిస్టమ్‌లోనో తీసుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి, కస్టమర్ పెన్‌డ్రైవ్ నేరుగా పెట్టొద్దు. చిన్న యూపీఎస్ తప్పకుండా పెట్టుకోండి, పని మధ్యలో కరెంటు పోతే తర్వాత లేచేటప్పుడు డిస్క్ చెక్ మొదలై ఆ ఆరు నిమిషాలు ఇరవై అవుతాయి.

ప్రశ్న: ఆన్ చేసిన ప్రతిసారీ నల్ల తెర మీద ఎఫ్1 నొక్కమని అడుగుతోంది, నొక్కితే గానీ ముందుకి వెళ్లదు. డేట్ ఏదో పాతది చూపిస్తోంది, నెట్‌లో కొన్ని సైట్లు తెరుచుకోవట్లేదు.
– ఒక పాఠకుడు, కదిరి

జవాబు: మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఒక బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032, 3 వోల్టులది, అది అయిపోయినట్టుంది. వాచీలు బాగుచేసే కొట్టులో కూడా దొరుకుతుంది, వంద లోపే. ప్లగ్ పీకేసి, పక్కనున్న చిన్న క్లిప్‌ని గోటితో నెడితే పాతది పైకి లేస్తుంది, రాతలు ఉన్న వైపు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి డేట్, టైమ్ సరిచేసి సేవ్ చెయ్యండి, బూట్ ఆర్డర్‌లో మీ హార్డ్ డిస్క్ మొదట ఉందో లేదో అక్కడే చూసుకోండి, బ్యాటరీ పోయినప్పుడు అది కూడా మారిపోయి ఉంటుంది. సైట్లు తెరుచుకోకపోవడం డేట్ తప్పు వల్లే, సైట్ అసలుదే అని చెప్పే సర్టిఫికెట్ గడువు లెక్క కలవదు కదా, డేట్ సరి అవ్వగానే తెరుచుకుంటాయి. కొత్త బ్యాటరీ వేశాక కూడా వారంలో మళ్లీ డేట్ వెనక్కి వెళ్తే బోర్డు చూపించండి.