ఫైర్ ప్యానెల్ టెస్టులో ఫెయిలైనా ‘ఓకే’ అని సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. ఫైర్ అలారం ప్యానెల్‌ను నెలనెలా టెస్ట్ చేసి రిజిస్టర్‌లో రాయడం నా డ్యూటీ. ఈసారి మెయిన్ సప్లై ఆపగానే, బ్యాటరీ మీద నడవాల్సిన ప్యానెల్ ఆరిపోయింది. రెండో అంతస్తు జోన్ ఫాల్ట్ చూపిస్తుంటే, బజర్ గోల భరించలేక ఎవరో ఆ జోన్‌ను ఐసోలేట్ చేసి, అంటే అక్కడి అలారం పనిచేయకుండా ఆపేసి వదిలేశారు. ఏఎంసీ (వార్షిక నిర్వహణ కాంట్రాక్టు) వాళ్లను పిలిస్తే పాత బిల్లులు కట్టమంటున్నారు. మేనేజర్ సార్ ‘ఓకే రాసెయ్, తర్వాత చూద్దాం’ అంటున్నారు. ఇంతకుముందు రెండు మూడు సార్లు అట్లాగే రాశాను. రేపు ఏదైనా జరిగితే కేసు నా మీదికి వస్తుందా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, హనుమకొండ

జవాబు: రావచ్చు. అందుకే ఈ నెల ‘ఓకే’ రాయకండి.

టెస్టు ఫెయిల్ కావడం నేరం కాదు. లోపం బయటపడాలనే కదా టెస్టు చేసేది. ఫెయిలైందని తెలిసి కూడా బాగుందని రాయడం దగ్గరే చిక్కు వస్తుంది. ప్రమాదంలో ఎవరైనా చనిపోతే పోలీసులు మొదట చూసేది భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 106(1), అంటే నిర్లక్ష్యం వల్ల మరణం. పాత ఐపీసీ 304ఎ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జులై 1 నుంచి అది ఐదేళ్లయింది. వైద్యం చేసేటప్పుడు జరిగే నిర్లక్ష్యానికి డాక్టర్లకు రెండేళ్ల పరిమితి ఉంది కానీ, ఫైర్ ప్యానెల్ విషయంలో అది మీ యాజమాన్యాన్ని కాపాడదు. ప్రాణం పోకపోయినా, ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పడేసినందుకు సెక్షన్ 125 ఉంది.

‘నేను జీతగాణ్ణి, నాకేం సంబంధం’ అనే వాదన పూర్తిగా నిలబడదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. పొద్దున మంటలొచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పైపైన రిపేరు చేసి వదిలేస్తే, సాయంత్రం మళ్లీ అదే అంటుకుంది. ఆ కేసులో 2007లో ట్రయల్ కోర్టు యజమానులతో పాటు మేనేజర్లకు, గేట్‌కీపర్‌కు, రిపేరు చేసిన కరెంటు సిబ్బందికి కూడా శిక్ష వేసింది. మన దగ్గరి సంగతి చూస్తే, 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురూ చిన్న వయసు వాళ్లే, ఎక్కువ మంది మన ఉమ్మడి వరంగల్ జిల్లా పిల్లలే. ప్రాణం తీసింది పొగ. మీ రెండో అంతస్తులో లేవలేని పేషెంట్లు ఉంటారు. అక్కడి జోన్ మూగబోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కోర్టు అడిగేది ఇదీ: లోపం మీకు తెలుసా, తెలిశాక మీ చేతిలో ఉన్నది చేశారా? బ్యాటరీలు కొనే అధికారం మీకు లేదు. పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పడం మాత్రం మీ చేతిలోనే ఉంది. అది చేస్తే బరువు చాలావరకు మేనేజర్ మీదికి, యజమాని మీదికి వెళ్తుంది.

రిజిస్టర్‌లో తేదీ, సమయం రాసి, మీరు చూసింది చూసినట్టు రాయండి: ‘మెయిన్ ఆపగానే ప్యానెల్ ఆగింది, బ్యాటరీ బ్యాకప్ లేదు. రెండో అంతస్తు జోన్ ఫాల్ట్, ఐసోలేట్ అయి ఉంది. ఫలానా సార్‌కు తెలిపాను.’ బ్యాటరీలు పాడైపోయాయా, చార్జర్ పనిచేయడం లేదా అన్నది టెక్నీషియన్ తేల్చాలి, మీరు ఊహించి రాయకండి. ప్యానెల్ డిస్‌ప్లే ఫోటో తీసి, అదే రోజు మేనేజర్‌కు మెయిల్ గానీ వాట్సాప్ గానీ పెట్టండి. ఆ ఫోన్ అమ్మేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, ఫోన్ మీ దగ్గరే ఉంటే ఆ పని సులువు. ఇంకో సంగతి, చాలా ప్యానెళ్లలో ఈవెంట్ లాగ్ ఉంటుంది. ఏ గంటకు ఏ జోన్‌లో ఫాల్ట్ వచ్చిందో, ఎప్పుడు ఐసోలేట్ చేశారో అందులో పడిపోతుంది. రిజిస్టర్‌లో ‘ఓకే’, లాగ్‌లో ‘ఫాల్ట్’ కనిపిస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మిమ్మల్ని ఏ లాయరూ గట్టెక్కించలేడు.

రిపేరు అయ్యేదాకా ఆ అంతస్తును గాలికొదిలేయొద్దు. రాత్రింబవళ్లు ఒక మనిషి అక్కడ తిరుగుతూ చూసేలా ఏర్పాటు చేయమని అదే మెసేజ్‌లో అడగండి. నర్సులకు కూడా చెప్పండి, అలారం మోగుతుందనే ధీమాలో వాళ్లు ఉండకూడదు. రిపేరు తర్వాత ఫాల్ట్ లైటు ఆరిందని ఊరుకోకుండా ఆ జోన్‌లో పొగను పసిగట్టే డిటెక్టర్‌కు టెస్ట్ స్ప్రే కొట్టించి, హూటర్ (అలారం సైరన్) మోగిందో లేదో విని, ఆ సంగతి కూడా రాయండి.

ఏఎంసీ బిల్లుల గొడవ యజమాని చూసుకోవాల్సింది. బాకీ ఉంటే కట్టాలి, పనిలో లోపం ఉంటే కంపెనీకి నోటీసు ఇవ్వాలి. బిల్లుల తగాదా నడుస్తోందని చెప్పి పేషెంట్ల భద్రత బాధ్యత నుంచి ఆసుపత్రి తప్పించుకోలేదు.

మేనేజర్ పట్టించుకోకపోతే నేరుగా యజమానికి స్పీడ్‌పోస్ట్‌లో లెటర్ పంపి రసీదు దాచుకోండి. అప్పటికీ కదలకపోతే జిల్లా ఫైర్ ఆఫీసర్‌కు రాయవచ్చు. ఉద్యోగానికి ఢోకా ఉండదని నేను హామీ ఇవ్వలేను. చిన్న ఆసుపత్రుల్లో పరిస్థితి నాకు తెలుసు. కానీ పోయిన ఉద్యోగం మీద కొట్లాడటం కంటే, క్రిమినల్ కేసులో ముద్దాయిగా నిలబడటం చాలా కష్టం.

ఇక పాత ‘ఓకే’ల సంగతి. ఆ పేజీలు చింపొద్దు, దిద్దొద్దు, వెనకటి తేదీతో కొత్తగా ఏమీ ఎక్కించొద్దు. మోసం చేసే ఉద్దేశంతో ఉద్యోగి రికార్డు మార్చాడని తేలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 344 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఇవాళ్టి తేదీతో, ‘గతంలో ఫలానా నెలల ఎంట్రీలు పూర్తి టెస్టు లేకుండా రాసినవి’ అని యాజమాన్యానికి విడిగా లెటర్ ఇవ్వాలి. అది మీకు వ్యతిరేకంగా కూడా వాడగలిగే కాగితం కాబట్టి, ఇచ్చేముందు రిజిస్టర్ ఫోటోలతో హనుమకొండలోనే ఎవరైనా క్రిమినల్ లాయర్‌ను కలిసి డ్రాఫ్ట్ చూపించండి.