ఛార్జింగ్ బోర్డు మార్చాక సిగ్నల్ పోయిందా?

ప్రశ్న: ఛార్జింగ్ పోర్టు లూజైందని కొత్త ఛార్జింగ్ బోర్డు తెప్పించి ఇంట్లోనే మార్చాను. ఛార్జింగ్ ఎక్కుతోంది, వైఫై వస్తోంది. కానీ నాలుగు గీతలుండే సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయింది. గదిలోకి వెళ్తే ‘నో సర్వీస్’. ఇదే సిమ్ వేరే ఫోన్‌లో బాగానే పనిచేస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సిమ్‌లో లోపం లేదని మీరే తేల్చేశారు. ఇక మొదటి అనుమానం యాంటెన్నా వైరు మీదే. చాలా ఫోన్లలో మెయిన్ బోర్డు పైన, ఛార్జింగ్ బోర్డు కింద ఉంటాయి. టవర్ సిగ్నల్ అందుకునే ముఖ్యమైన యాంటెన్నా కింది అంచున ఉంటుంది. అక్కడి నుంచి సిగ్నల్ పైకి వెళ్లేది బ్యాటరీ పక్కగా సాగే సన్నని వైరులోంచే. ఛార్జింగ్‌కు వేరే పట్టీ, వైఫైకి వేరే యాంటెన్నా ఉంటాయి కాబట్టి ఆ రెండూ బాగానే ఉన్నాయి.

ఫోన్ ఆఫ్ చేసి, సిమ్ ట్రే బయటికి తీశాకే వెనుక మూత తెరవండి. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. యాంటెన్నా వైరు రెండు చివర్లా చిన్న గుండ్రని ప్రెస్ బటన్ లాంటి కనెక్టర్లుంటాయి. అంచు తాకి కూర్చున్నట్టు కనిపించినా లోపల అతుక్కోకపోవచ్చు. సాకెట్ మీద సరిగ్గా నిలిపి, ప్లాస్టిక్ పుల్లతో నిటారుగా నొక్కితే ‘టిక్’మని పడుతుంది. వాలుగా నొక్కితే చుట్టూ ఉన్న రింగు వంగిపోతుంది. రెండు వైర్లుంటే రంగులు చూసుకోండి, అటూఇటూ మారినా సిగ్నల్ పడిపోతుంది.

అయినా మారకపోతే వైరును రెండు వైపులా విప్పి మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టండి. ఒక చివర మధ్య పిన్నుకూ రెండో చివర మధ్య పిన్నుకూ బీప్ రావాలి, రింగుకూ రింగుకూ రావాలి. పిన్నుకూ రింగుకూ మధ్య మాత్రం రాకూడదు. వస్తే వైరు నలిగి షార్టయిందన్నమాట.

చాలామంది పొరబడేది ఇక్కడే: స్పీకరున్న కింది ప్లాస్టిక్ మూత బిగించకుండానే సిగ్నల్ చూస్తారు. చాలా మోడళ్లలో యాంటెన్నా ఆ మూతకే అతికి ఉంటుంది. బోర్డు మీది చిన్న బంగారు రంగు స్ప్రింగులు దాన్ని తాకాలి. అవి అణిగిపోతే ట్వీజర్‌తో వెంట్రుకవాసి పైకెత్తండి. మూత స్క్రూలన్నీ బిగించాకే పరీక్షించండి. గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) అందేది కొన్ని స్క్రూల ద్వారానే. పొట్టి స్క్రూ చోట పొడుగుది పెడితే బోర్డుకే చిల్లు.

గీతలను నమ్మొద్దు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* కొడితే ఫోన్ సమాచారంలో సిగ్నల్ అంకె మైనస్‌లో కనిపిస్తుంది. 4జీలో –85 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు, –115 కంటే కిందికి పడిపోతే కాల్ తెగొచ్చు. ముందూ తర్వాతా ఒకే చోట నిలబడి చూడండి.

వైరు, స్ప్రింగులు, స్క్రూలు అన్నీ సరిగ్గా ఉన్నాయా? అయితే పాత బోర్డు మళ్లీ వేసి చూడండి. సిగ్నల్ తిరిగొస్తే కొత్త బోర్డుదే తప్పు. చవక కాపీ బోర్డుల్లో యాంటెన్నా భాగాలు సరిగ్గా ఉండవు. ఒకే పేరున్న ఫోన్‌కూ రకరకాల బోర్డులుంటాయి, పాతదాని మీద ముద్రించిన నంబరు చూసి కొనాల్సింది.

ప్రశ్న: బ్యాటరీ మార్చాక ‘నో సిమ్’ అంటోంది. *#06# కొడితే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) రావడం లేదు. వైరు మళ్లీ పెడితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సరిపోదు. అబౌట్ ఫోన్‌లో బేస్‌బ్యాండ్ వెర్షన్ చూడండి. అదీ ఖాళీగానో ‘అన్‌నోన్’ అనో ఉంటే నెట్‌వర్క్ భాగమే పనిచేయడం లేదు. మూత విప్పేటప్పుడు తగిలిన వేడికో, బ్యాటరీ కనెక్టర్ తీయకుండా పనిచేస్తే వచ్చిన షార్టుకో ఇలా కావచ్చు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే బోర్డు బాగుపడదు, ఫొటోలు మాత్రం పోతాయి. ముందు బ్యాకప్ తీసి, మైక్రోస్కోప్ కింద చిప్ పని చేసేవారికి చూపించండి. కొత్త ఐఎంఈఐ రాసిస్తామనే షాపుకు మాత్రం వెళ్లొద్దు. టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023 ప్రకారం దాన్ని మార్చడం నేరం. 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు.