మీరు అడిగారు: రేకు ఎందుకు ఒప్పుకోదు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి రేకు పని షాపు ఉంది. బకెట్లు, గరాటులు, బియ్యం డబ్బాలు, కూలర్ బాడీలు చేస్తారు. నేను కంప్యూటర్‌లో డిజైన్ నేర్చుకుని వచ్చి, కూలర్ ముందు భాగం బిందె పొట్టలా నిండుగా ఉండేలా బొమ్మ వేసి చూపించాను. "బాగుంది గానీ, రేకు ఒప్పుకోదురా" అన్నారు. కారు డోరు, స్టీలు గిన్నె కూడా రేకుతో చేసినవే కదా, మన రేకు ఎందుకు ఒప్పుకోదు?

జవాబు: తమ్ముడూ, మీ నాన్నగారి మాట అక్షరాలా నిజం. ఆయన చేతికి తెలిసిన ఈ సంగతినే గౌస్ అనే జర్మన్ గణితవేత్త 1827లో లెక్క కట్టి రుజువు చేశాడు.

ముందు ఒక దళసరి కాగితం తీసుకో. గొట్టంలా చుట్టు, గరాటులా చుట్టు, ఎక్కడా ముడత పడదు. అదే కాగితాన్ని కొబ్బరికాయకి అంటుకునేలా తొడిగి చూడు, ఎంత సర్దినా అంచుల్లో కుచ్చిళ్ళు వచ్చేస్తాయి. లెక్క ఏమిటంటే, ఉపరితలం మీద ఒక చోట చుక్క పెట్టి, అక్కడ అన్నిటికంటే ఎక్కువ వంపు ఏ దిక్కున ఉందో, తక్కువ వంపు ఏ దిక్కున ఉందో చూసి ఆ రెండింటినీ గుణించాలి. గొట్టానికి చుట్టూ వంపు ఉంది గానీ పొడవునా లేదు, కాబట్టి గుణిస్తే సున్నా. గరాటుకీ సున్నాయే, చదును రేకుకీ సున్నాయే. బిందె పొట్టకి అడ్డంగానూ వంపే, నిలువుగానూ వంపే, అక్కడ సున్నా రాదు. సాగదీయకుండా, చింపకుండా ఎంత వంచినా ఈ లెక్క మారదు. గౌస్ రుజువు చేసింది ఇదే. చదును రేకు బిందె పొట్ట కావాలంటే అది ఎక్కడో సాగి తీరాలి.

కారు డోరుకి, స్టీలు గిన్నెకి ఆ సాగదీసే పని ప్రెస్సు చేస్తుంది, కింద అచ్చు, పైన అచ్చు, మధ్యలో రేకు. ఇత్తడి బిందెకైతే సుత్తి చేస్తుంది. కొట్టేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, నిప్పుల్లో కాల్చి మెత్తబరిచి మళ్ళీ కొడతారు. మీ షాపులో ప్రెస్సు లేదు, జింకు పూత రేకుని కాల్చకూడదు. కాలిస్తే పూత పోవడం ఒక్కటే కాదు, ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది, దయచేసి ఆ ప్రయోగం మాత్రం చేయకు.

మీ ఊళ్ళోనే పశువుల కొమ్ముతో దువ్వెనలు, కొంగ బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చో. కొమ్ము మొదలు బోలుగా, గరాటులా ఉంటుంది. వేడి తగిలితే మెత్తబడుతుంది, నిలువునా కోసి, విప్పి, అదిమితే పలక అవుతుంది, దువ్వెన ఆ పలకలోంచి వస్తుంది. కొస మాత్రం లోపల నిండుగా ఉంటుంది, దాన్ని విప్పడానికి ఏమీ లేదు, కాబట్టి కొంగ మెడలాంటి ఒంపులు దాన్నే చెక్కి, అరగదీసి తీస్తారు. విప్పితే పలకయ్యే భాగం దువ్వెనకి, విప్పడానికి లొంగని భాగం కొంగకి. ఏ వస్తువుకి ఏ రూపం వస్తుందో పదార్థంతో సంప్రదించాకే తేలుతుందని అక్కడ కళ్ళారా చూస్తావు.

ఇక అందం సంగతి. విప్పితే చదునయ్యే రూపాల మీద వెలుగు పొడవాటి గీతలా పడుతుంది. స్టీలు గొట్టం మీద మెరుపు పైనుంచి కిందికి ఒకే చారగా ఉంటుంది చూడు. బిందె పొట్ట మీద మెరుపు ఒక మచ్చలా కూర్చుంటుంది, నువ్వు కదిలితే అదీ జారుతుంది. చార పడ్డ వస్తువు బిగువుగా, తీరుగా కనిపిస్తుంది, మచ్చ పడ్డది నిండుగా, చేత్తో నిమరాలనిపించేలా కనిపిస్తుంది. నా మటుకు నాకు చార తక్కువదేమీ కాదు. మన జనానికి నిండుగా ఉంటేనే ఖరీదైన వస్తువు అనే అభిప్రాయం ఉంది, అది మారాలి. అమెరికా కార్ల కంపెనీ టెస్లా వాళ్ళు 2019లో చూపించిన సైబర్‌ట్రక్ అనే బండి పలకలు పలకలుగా ఎందుకుందంటే, దాని స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు కారు రేకులా ప్రెస్సులో లాగడానికి లొంగనంత గట్టిది. ఆ లొంగకపోవడాన్నే దాని రూపంగా చేసుకున్నారు.

కాబట్టి బొమ్మ మార్చు. కూలర్ ముందు భాగాన్ని ఒకే దిక్కున, అడ్డంగా కొద్దిగా వంచు. చదును తలుపు వేలితో నొక్కితే డబడబమంటుంది, కొంచెం వంపిస్తే ఆ చప్పుడు పోయి రేకు బిగుస్తుంది, ఇంటి కప్పు మీద జింకు రేకుల ముడతలు చేసే పని అదే. పైన మూతకి గరాటు ముక్క వాడొచ్చు. నోటి వ్యాసార్థం 6 సెంటీమీటర్లు, ఏటవాలు పొడవు 18 అనుకో, 360ని 6తో గుణించి 18తో భాగిస్తే 120 డిగ్రీలు, అంటే గుండ్రంలో సరిగ్గా మూడో వంతు ముక్క, దానికి మడత అతుకు కోసం కాస్త అంచు. మీ నాన్నగారు ఇది ఏ లెక్కా లేకుండా కోస్తారు. ముందు ఆయన దగ్గర అది నేర్చుకో, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చో. ఏ బొమ్మ వేసినా ముందు అట్టతో చేసి చూడు, అట్ట నలగకుండా వస్తే రేకూ వస్తుంది.

ప్రశ్న: బరంపురంలో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా వరండాలో కూర్చునే వెదురు పీట, మోడా ఉంది. పుల్లలన్నీ తిన్నగానే ఉన్నాయి, మోడా నడుము మాత్రం ఒంపుగా ఉంది. పిల్లలకి ఎలా చెప్పాలి?

జవాబు: మాస్టారూ, మంచి వస్తువు పట్టుకున్నారు. రెండు గాజుల మధ్య నిలువుగా దారాలు కట్టి, పై గాజుని కాస్త తిప్పమనండి. దారాలు తిన్నగానే ఉంటాయి, నడుము సన్నబడుతుంది. రష్యాలో షూఖోవ్ అనే ఇంజనీరు 1896లో నీజ్నీ నోవ్‌గొరోద్ ప్రదర్శనలో తిన్నని ఇనుప కమ్మీలతో ఇలాంటి నడుమున్న టవర్ నిలబెట్టాడు. అయితే పై ప్రశ్నకి ఇక్కడొక మెలిక ఉంది. తిన్నని గీతలున్నాయి కదా అని రేకు దీనికీ ఒప్పుకోదు. పుల్ల వెంట పైకి వెళ్ళేకొద్దీ ఉపరితలం మెలి తిరుగుతుంది. నడుము దగ్గర వంపు ఒక దిక్కున లోపలికి, ఇంకో దిక్కున బయటికి ఉంటుంది, గుణిస్తే సున్నా రాదు, సున్నా కంటే తక్కువ వస్తుంది. అందుకే మోడాని పుల్లలతో అల్లుతారు, చాపతో చుట్టరు.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. నా స్కూటీ పక్క ప్యానెల్ సొట్టపడితే ఒక షెడ్డులో తీయించి రంగు వేయించాను. నీడలో కొత్తదానిలా ఉంది, ఎండలోకి తెస్తే వంకరగా కనిపిస్తోంది. చేత్తో తడిమితే నున్నగానే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, రంగు తేడానా?

జవాబు: అమ్మా, తప్పు రంగుది కాదు, దాని కింద ఉన్న వంపుది. మెరిసే ప్యానెల్ ఒక అద్దం లాంటిది. రెండు ముక్కలు మూల తేలేలా కలిస్తే అందులో ప్రతిబింబం తెగుతుంది. మూల లేకుండా కలిసినా, వంపు ఒక్కసారిగా మారితే ప్రతిబింబం తెగదు గానీ అక్కడ ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. వంపు కూడా మెల్లగా మారితేనే ప్రతిబింబంలో గీత నీళ్ళలా పారుతుంది. చేయి ఆ రెండో తప్పుని పట్టలేదు, కన్ను పట్టేస్తుంది. కారు బాడీ వంపుల్ని కచ్చితంగా చెప్పడానికి కార్ల కంపెనీలు ప్రత్యేకమైన లెక్కలు తయారుచేసుకున్నాయి. 1959లో ఫ్రాన్స్ కార్ల కంపెనీ సిట్రోయెన్‌లో ద కాస్టెల్జో, ఆ తర్వాత అక్కడిదే మరో కంపెనీ రెనోలో బెజియే తయారుచేసిన వక్రరేఖలు అవే. కాస్టెల్జో పనిని కంపెనీ గుట్టుగా ఉంచింది, బెజియే ప్రచురించాడు, అందుకే నేటికీ బెజియే పేరే నిలిచింది. కాస్టెల్జోకి ఇది అన్యాయమేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మీరు సాయంత్రం పూట బండిని ట్యూబులైటు కింద పెట్టి, ప్యానెల్‌లో ఆ లైటు గీతని చూస్తూ మెల్లగా పక్కకి నడవండి. గీత ఎక్కడ వణికితే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. సొట్టలో పుట్టీ నింపాక ఇసుక కాగితాన్ని వేళ్ళతో రుద్ది ఉంటారు, వేళ్ళ గుర్తులన్నీ అలలుగా దిగుతాయి. రంగు తీసి మళ్ళీ చేయించండి, ఈసారి కాగితాన్ని చెక్క ముక్కకి చుట్టి రుద్దమని చెప్పండి. వంపు ఎక్కువున్న చోట కొంచెం వంగే రబ్బరు ముక్క వాడాలి. రుద్దే ముందు పుట్టీ మీద పలచగా నల్ల రంగు చల్లమనండి. ఎత్తుగా ఉన్న చోట నలుపు ముందు పోతుంది, నలుపు మిగిలిన చోట పల్లం ఉన్నట్టు, అక్కడ ఇంకో పూత పుట్టీ పెట్టి మళ్ళీ రుద్దాలి. లైటు గీత వణక్కుండా సాగేదాకా రంగు డబ్బా మూత తీయనివ్వకండి.