ఓడ అడుగు ఎర్రగా ఎందుకుంటుంది? (రంగులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద రంగుల కంపెనీ ఏది? మేం కొత్త ఇంటికి డ్యూలక్స్ వేయించాలనుకుంటున్నాం. అది ఇంగ్లండు కంపెనీ అని మా బావగారు, హాలండుది అని మేస్త్రి, ఇప్పుడు మనదే అయిపోయిందని దుకాణదారు అంటున్నారు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముగ్గురి మాటా నిజమే, ఒక్కొక్కరిదీ ఒక్కో కాలానికి. మన దేశంలో డ్యూలక్స్‌ను ముందు అమ్మింది బ్రిటన్‌కు చెందిన ఐసీఐ. 2008లో ఐసీఐని నెదర్లాండ్స్ కంపెనీ ఆక్జో నోబెల్ కొన్నది. 2025 జూన్‌లో ఆక్జో నోబెల్ తన భారతీయ కంపెనీలోని దాదాపు ముప్పాతిక వాటాను మన దేశపు జేఎస్‌డబ్ల్యూ పెయింట్స్‌కు అమ్మడానికి ఒప్పందం చేసుకుంది. ఆస్ట్రేలియా వెళితే ఇదే పేరుకు యజమాని వేరు. అక్కడి డ్యూలక్స్ గ్రూపును 2019లో జపాన్ కంపెనీ నిప్పాన్ పెయింట్ కొన్నది. పేరు ఒక్కటే, ఇంటి యజమానులు ఎందరో.

అమ్మకాల్లో అందరికంటే పెద్దది అమెరికాలోని షెర్విన్ విలియమ్స్. 1866లో క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. భూగోళం మీద డబ్బాతో రంగు కుమ్మరిస్తున్నట్టు ఉండే బొమ్మ వాళ్లదే. 2017లో వాల్‌స్పార్ అనే మరో పెద్ద కంపెనీని 1,100 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కలుపుకుంది. ఆ తర్వాతి వరుసలో చెప్పవలసిన పేర్లు పీపీజీ, ఆక్జో నోబెల్, నిప్పాన్. పీపీజీ అంటే పిట్స్‌బర్గ్ ప్లేట్ గ్లాస్. 1883లో అద్దాల ఫ్యాక్టరీగా మొదలైన కంపెనీ అది. మన ఏషియన్ పెయింట్స్ 1942లో, యుద్ధ కాలంలో విదేశీ రంగులు దొరకనప్పుడు, ముంబైలో నలుగురు స్నేహితులు పెట్టింది. ఇప్పుడు పటాన్‌చెరులోనూ అనకాపల్లి జిల్లాలోనూ దాని ఫ్యాక్టరీలు ఉన్నాయి.

మీ ఇంటి విషయానికి వస్తే, యజమాని ఎవరన్నది మీ గోడకు అక్కర్లేదు. కొత్త గోడ పూర్తిగా ఆరిందా, లప్పం గట్టిగా పట్టిందా, ప్రైమర్ వేశారా అన్నది చూసుకోండి. తడి గోడ మీద ఎంత పేరున్న రంగు వేసినా పొక్కు లేచి ఊడిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి రెండేళ్లుగా దుబాయ్‌లో ఓడలు బాగుచేసే డాకులో రంగులు వేసే పని చేస్తున్నాడు. జోటున్, హెంపెల్, ఇంటర్నేషనల్ అని ఏవేవో పేర్లు చెబుతాడు. మా ఊరి కొట్లలో అవి లేవు. అవి మంచి కంపెనీలేనా? ఆ రంగులు ఒంటికి హాని చేస్తాయా? ఫోనులో అడిగితే ఏమీ కాదమ్మా అంటాడు.
– ఒక తల్లి, సోంపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఓడల మీద రంగు తనిఖీ చేసినవాణ్ని. అందులో ఆరేళ్లు గల్ఫ్‌లోనే. మీ అబ్బాయి నిలబడే చోటు నాకు తెలుసు.

ఆ మూడూ ఓడల రంగుల్లో ప్రపంచమంతటా పేరున్న కంపెనీలు. జోటున్ నార్వేది. సాండెఫ్యోర్డ్ అనే ఊళ్లో 1926లో మొదలైంది. ఆ ఊరు అప్పట్లో తిమింగలాల వేటకు దక్షిణ ధ్రువ సముద్రాల దాకా ఓడలు పంపేది. డబ్బా మీద పెంగ్విన్ బొమ్మ ఉంటుందని మీవాడు చెప్పే ఉంటాడు. ఆ సముద్రాల గుర్తు అది. హెంపెల్ డెన్మార్క్‌ది, 1915లో పుట్టింది. ఇంటర్నేషనల్ ఇంగ్లండులోని న్యూకాజిల్ రేవులో 1881లో మొదలై, చేతులు మారుతూ 1998లో ఆక్జో నోబెల్ కిందికి వచ్చింది. మూడూ రేవు ఊళ్లలోనే పుట్టాయి, అందుకే ఓడ కష్టం వాటికి తెలుసు.

ఓడకు కష్టమేమిటంటారా? నీళ్లలో నిలిచిన కొన్ని వారాలకే అడుగున నాచు పడుతుంది, తర్వాత గట్టి గుల్లలు అంటుకుంటాయి. మీ ఊరి మత్స్యకారులను అడగండి, పడవను ఒడ్డుకు లాగి ఎందుకు గీకుతారో చెబుతారు. అడుగు గరుకైతే ఓడ నీటితో పెనుగులాడుతూ నడుస్తుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. అందుకని అడుగుకు వేసే రంగులో ఒక రాగి పదార్థం కలుపుతారు. అది కొద్దికొద్దిగా నీళ్లలోకి కరుగుతూ నాచునూ గుల్లలనూ దగ్గరకు రానివ్వదు. ఆ రాగి పదార్థం సహజంగానే ఎరుపు. చాలా ఓడల అడుగు ఎర్రగా కనబడేది అందుకే.

రాగి కంటే గట్టిగా పనిచేసే తగరపు మందు ఒకటి ఉండేది, పేరు టీబీటీ. గుల్లలను చంపడంలో దానికి సాటి లేదు. కానీ ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ ఖాతంలో పెంచుకునే ఆల్చిప్పలు సరిగా ఎదగక రైతులు నష్టపోయారు. కారణం పడవల రంగేనని తేలి, 1982లో ఆ దేశం చిన్న పడవలకు దాన్ని నిషేధించింది. ప్రపంచమంతా మానడానికి మరో పాతికేళ్లు పట్టింది. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది. నా ఉద్యోగంలో సగం కాలం ఆ రంగు డబ్బాల మధ్యనే గడిచింది. అప్పుడు మాకెవరూ చెప్పలేదు. అందుకే మీ రెండో ప్రశ్నకు దాచకుండా జవాబు రాస్తున్నాను.

హాని ఉంది, తప్పించుకునే దారీ ఉంది. మీ అబ్బాయిని ఒక మాట అడగండి: రెండు డబ్బాలు కలిపి వేసే రంగా? ఓడకు వేసే రంగులు చాలావరకు అలాంటివే. ఒక డబ్బాలో రంగు, రెండోదానిలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. నీటి మట్టానికి పైభాగాన మెరుపు కోసం వేసే పాలీయూరిథేన్ అనే రంగు హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. స్ప్రే చేసేటప్పుడు దాన్ని పీలిస్తే కొందరికి ఉబ్బసం వస్తుంది. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే, ఆ తర్వాత రవ్వంత తగిలినా ఆయాసమే. విశాఖలో నాతో పనిచేసిన ఒక స్ప్రే పెయింటరు ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఏళ్ల తరబడి ఆ పని చేశాడు. నలభై దాటకముందే పని మానేశాడు. కూతురి పెళ్లికి ఇంటికి రంగులు వేస్తుంటే వీధి అరుగు మీద కూర్చున్నాడు, లోపలికి అడుగు పెట్టలేకపోయాడు. ఆ రంగు డబ్బాలను మంజూరు చేస్తూ సంతకం పెట్టినవాణ్ని నేనే. తువ్వాలు చూసి కూడా పని ఆపించలేదు. అది నా మనసులోంచి పోదు.

తువ్వాలు పనికిరాదు, దుమ్ముకు కట్టుకునే మాస్కూ పనికిరాదు. ఆ రంగు స్ప్రే చేసేవారికి గొట్టం ద్వారా మంచి గాలి అందించే ముసుగు ఉండాలి. ఓడ ట్యాంకు లోపల పనైతే గాలి ఆడించే ఫ్యాన్లు తిరుగుతుండాలి, ట్యాంకు మూతి దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి. ఇవన్నీ నేను చెబుతున్నవి కావు. ప్రతి రంగుకూ తయారీదారు ఇచ్చే భద్రతా పత్రం ఒకటుంటుంది. అందులో 16 భాగాలు. 8వ భాగంలో ఏ ముసుగు, ఏ చేతి తొడుగు వాడాలో రాసి ఉంటుంది. కంపెనీ మంచిదా అని అడిగారు కదా, ఆ పత్రం తెప్పించుకుని 8వ భాగం చదవమనండి. అందులో ఉన్న ముసుగు తన చేతికి రాకపోతే లోపం రంగుది కాదు, పని చేయించేవారిది. సూపర్‌వైజరును ఆ కాగితం చూపించి అడగమనండి. ఒంటరిగా అడగడానికి జంకితే తోటి కుర్రాళ్లు నలుగురినీ కలుపుకోమనండి. ఏమీ కాదమ్మా అనే మాట మేమూ మా అమ్మలకు చెప్పినదే.

ప్రశ్న: మా తాతగారి ఇంటి పాత తలుపులు గీకించి మళ్లీ రంగు వేయిస్తున్నాం. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. పాత రంగులో సీసం ఉంటుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, పెద్దాపురం

జవాబు: నిజమే, ఉండవచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. మీ తలుపుల రంగు అంతకు చాలా ముందుది. పొడిగా గీకించవద్దు, మంటతో కాల్చి ఊడదీయించవద్దు. తలుపును తడిపి, నీళ్లకు తట్టుకునే గరుకు కాగితంతో రుద్దించండి. పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవండి. రాలిన పెచ్చులను ప్లాస్టిక్ సంచిలో మూట కట్టించండి, పెరట్లో పోయనివ్వకండి. పని ముగిసేదాకా పాపను అమ్మమ్మ గారింటికి పంపండి. ఇప్పటికే పాప ఆ పెచ్చులు నోట్లో పెట్టుకుందన్న అనుమానం ఉంటే, రంగు పని సంగతి పక్కనపెట్టి ముందు పిల్లల డాక్టరుకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.