అమ్మమ్మ పాటలకి ఏ రికార్డర్ కొనాలి?

ప్రశ్న: మాది భీమిలి దగ్గర పల్లె. అమ్మమ్మకి ఊడుపు పాటలు, దంపుళ్ల పాటలు, జోల పాటలు బోలెడు వచ్చండి. ఫోన్‌లో రికార్డ్ చేస్తే గొంతు నూతిలోంచి వస్తున్నట్టు ఉంటోంది. ఎక్కువ తంటా లేని చిన్న రికార్డర్ కావాలి, జూమ్ హెచ్1ఎన్, సోనీ పీఎక్స్470 చూశాను, ఏది తీసుకోమంటారు?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పాటలకైతే జూమే తీసుకోండి. ఎందుకో చెప్తాను. చాలా ఫోన్లు మాటల కోసం చేసినవి, ఆగకుండా ఒకేలా వినపడే చప్పుడేదైనా నాయిస్ అనుకుని అణిచేస్తాయి, అమ్మమ్మ రాగం తీసి ఒక స్వరం మీద నిలబడితే దాన్నీ కోసేస్తాయి. పైగా లెవెల్ (గొంతు ఎంత గట్టిగా రికార్డ్ అవ్వాలన్నది) కూడా వాటంతటవే మార్చేస్తుంటాయి. మీ రికార్డింగ్ ఒకసారి ఇయర్‌ఫోన్స్‌తో వినండి, ఆవిడ ఊపిరి తీసుకోడానికి ఆగిన చోట ఫ్యాన్ మోత పైకి లేస్తుంది, మళ్లీ పాట ఎత్తుకోగానే అణిగిపోతుంది. అందుకే ఏది కొన్నా లెవెల్ మనం చేత్తో పెట్టుకునేలా ఉండాలి, ఫైల్ వేవ్‌లో (WAV, శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైల్) రావాలి.

హెచ్1ఎన్‌కి ముందు వైపే లెవెల్ తిప్పే చక్రం ఉంది, రెండు ట్రిపుల్ ఏ సెల్స్‌తో నడుస్తుంది, అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. ఆటో లెవెల్ ఆపేసి, ఆవిడ చేత బాగా గట్టిగా పాడే చరణం ఒకటి పాడించి, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టండి. సున్నా తాకితే గొంతు చీలిపోయినట్టు వస్తుంది, తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. పాడుతూ పాడుతూ హుషారొచ్చి గొంతు పెంచుతారు కదా, ఆ జాగా ముందే వదలాలి. ఇదంతా కష్టం అనిపిస్తే, డబ్బు సర్దుకోగలిగితే, 2024లో వచ్చిన హెచ్1 ఎసెన్షియల్ చూడండి, అది 32 బిట్ ఫ్లోట్‌లో, అంటే మెల్లని గొంతూ గట్టి గొంతూ రెండూ చెడకుండా పట్టే పద్ధతిలో రికార్డ్ చేస్తుంది, లెవెల్ పెట్టే పనే లేదు, తర్వాత కంప్యూటర్లో పెంచుకోవచ్చు తగ్గించుకోవచ్చు.

రికార్డర్ సెట్టింగుల్లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ అని పెడితే నిమిషానికి సుమారు 10 ఎంబీ, 32 జీబీ కార్డులో దాదాపు 50 గంటలు పడుతుంది కాబట్టి చోటు కోసం శబ్దాన్ని కుదించేసే ఎంపీ3కి వెళ్లకండి.

చేత్తో పట్టుకుంటే వేళ్ల రాపిడి కూడా రికార్డ్ అవుతుంది. మడతపెట్టిన తువ్వాలు మీద, నోటికి జానెడున్నర దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కకి పెట్టండి. దంపుళ్ల పాటకి నిజంగానే రోకలి పోటు వేయిస్తే ఆ అదురు నేలలోంచి మైకుకి ఎక్కుతుంది, అప్పుడు రికార్డర్‌ని నేల మీద కాకుండా మంచం మీద పెట్టండి, అసలు ఆ పోటు పాటలో భాగమే కదా, తప్పకుండా వేయించండి! ఫ్రిజ్, ఫ్యాన్ ఆపెయ్యండి. మనవైపు మధ్యాహ్నం సముద్రం గాలి తిరుగుతుంది, ఆరుబయట అయితే మైకుకి తొడిగే స్పాంజి టోపీ చాలదు, బొచ్చు టోపీ కావాలి, లేదంటే పొద్దున్నే ఇంట్లో కూర్చోబెట్టి పాడించండి. ఉప్పుగాలి కదా, వాడనప్పుడు సెల్స్ తీసేసి సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో మూతపెట్టి ఉంచండి.

రికార్డర్ వచ్చేదాకా ఆగకండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఈ ఆదివారమే మొదలెట్టండి, ఆవిడకి గుర్తున్న పాటలు ముందు పడాలి.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, క్లాసులో లెక్చర్లు రికార్డ్ చేసుకోడానికి కూడా జూమే కొనాలా?
- ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: అక్కర్లేదు బాబూ. నీకు సోనీ పీఎక్స్470 చాలు, 4 జీబీ మెమరీ లోపలే ఉంది, యూఎస్‌బీ ప్లగ్ దానికే ఉంది కాబట్టి తిన్నగా ల్యాప్‌టాప్‌కి గుచ్చేయొచ్చు. ఎంపీ3లోనే పెట్టుకో, ముందు బెంచీలో కూర్చో, సార్‌ని ఒక మాట అడిగి మరీ ఆన్ చెయ్యి.