తేర్ వెళ్తున్న మేనకోడలికి

దెగ్లూరు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పాత కట్టడాల్లో భూకంపాల ఆనవాళ్లు వెతికే పనిమీద నువ్వు మహారాష్ట్రలోని ప్రాచీన పట్నం తేర్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు నిలవడం లేదు. తవ్వకాల్లో నక్షాలు గీసి రిటైరైన మేనమామకు ఇంతకంటే గర్వం ఏముంటుంది? కాని 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మన వంటింట్లో గిన్నెలు వాటంతటవే మోగిన చప్పుడు కూడా మళ్లీ చెవిలో పడింది. నువ్వప్పటికి పుట్టలేదు. వినాయక నిమజ్జనం ముగించుకొని అలసి పడుకొన్న లాతూరు జిల్లా కిల్లారి చుట్టుపక్కల పల్లెల్లో, భూకంపానికి, మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిమీది మట్టి మిద్దెలు కూలి సుమారు 10,000 మంది చనిపోయారు. అంతవరకు దక్కను భూమి కదలదనే మేమంతా నమ్మాం. ఇటువంటి నేలలో ఒక భూకంపానికీ మరొకదానికీ నడుమ వేల ఏళ్లు గడవవచ్చు కనుక, రాతలు చేరని కాలం సంగతి గోడలనే అడగాలి. అందుకే కిల్లారి తరువాత భూగర్భ శాస్త్రవేత్తలు తేర్ పాటినేలను, అంటే పాత ఊరి దిబ్బను కూడా పరిశీలించారు.

టోపీ, నీళ్లు, దిక్సూచి, టేపు మరచిపోకు. నడుములోతు దాటిన గొయ్యిలోకి ఒంటరిగా దిగకు.

ఇక నా తప్పు విను. కిల్లారి మరుసటి ఏడాది, పేరు అనవసరమైన ఒక దిబ్బమీద, పక్కకు ఒరిగిన రెండు గోడలూ తూర్పువైపు పడిపోయిన ఒక ఇటుక గోడా బయటపడ్డాయి. నా తలలో ఆ రాత్రి ఇంకా కదులుతూనే ఉన్నది కనుక మరొక కారణం తట్టనేలేదు. నక్షా అడుగున ‘భూకంపం’ అని సిరాతో రాశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఫొటో శుభ్రంగా రావాలని, పడిన ఇటుకలను గీయకముందే, ఏది ఏ వాలున పడిందో కొలవకముందే కూలీలచేత ఎత్తించి, వాటి పైనా కిందా దొరికిన కుండపెంకులను ఒకే తట్టలో పోయించాను. నాలుగు రోజులకు వచ్చిన మా తవ్వకాల పెద్దాయన నన్ను ఒక్క మాట అనకుండా ఒరిగిన గోడల పునాది కింద తవ్వమన్నారు. కింద నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు బెత్తెడు పగుళ్లిచ్చే మన చేలలోని మట్టే. రెండు గోడలూ ఒకే దిక్కుకు కాక చెరొక దిక్కుకు ఒరిగాయి. ఆ రెండింటికీ నేల కుంగడం చాలిన కారణం. కాని తూర్పుకు పడిన మూడో గోడ సంగతేమిటి? అది నిజంగానే కంపనానికి పడి ఉండవచ్చు. ఇటుకలు తీయించేశాను కనుక దాన్ని తేల్చే దారి లేకుండా పోయింది. పెంకులు కలిసిపోయాయి కనుక అది ఏనాడు పడిందో కూడా చెప్పలేకపోయాం. ఆ నక్షా ఇప్పటికీ నా పెట్టెలోనే ఉన్నది. ఆ సిరా మాట మీద అడ్డంగా గీత గీసే ధైర్యం కూడా రాలేదు.

అందుచేత ఒరిగిన గోడ కనబడగానే ఎగిరి గంతులు వేయకు. రాజస్థాన్‌లోని కాలిబంగన్‌లో క్రీ.పూ. 2600 ప్రాంతపు భూకంపాన్ని గుర్తించారంటే, అక్కడ గోడలతోపాటు నేల పొరలే చీలి జారి ఉన్నాయి. గలిలీ సరస్సు ఒడ్డు కొండమీది పాత పట్నం హిప్పోస్‌లో, క్రీ.శ. 749 నాటి భూకంపానికి పడ్డవని చెప్పే చర్చి స్తంభాలు వరుసగా ఒకే వైపు పడి ఉన్నాయి. సైప్రస్‌లోని కూరియన్‌లోనైతే ఇంటి శిథిలాల కింద భర్త, భార్య, బిడ్డ ఒకరినొకరు పట్టుకొని కనబడ్డారు. ఆ విధ్వంసం క్రీ.శ. 365 నాటిదని తేల్చడానికి నాణేలు తోడ్పడ్డాయి. ఆ ముగ్గురి బొమ్మను ఒకసారి చూసి పుస్తకం మూసేశాను, మళ్లీ తెరవలేదు. కూలిన పొర కింద ఆఖరున చేరినదేది, దానిమీద మొదట కట్టినదేది అన్నవి నీ చేతికి దొరకాలి. ఫలానా ఏట భూకంపం వచ్చిందని జాబితాలో ఉన్నది కదా అని ఆ ఏడాదిని తెచ్చి నీ గోడకు అంటగట్టడం బద్ధకం. అలా చేసినట్టు తెలిస్తే నేనే వచ్చి నీ చెవి మెలిపెడతాను.

చిన్నప్పుడు మన దెగ్లూరు దగ్గరి హొట్టల్ ఊరి గుడిలో రాళ్ల అతుకుల్లోకి వేలు దూర్చి, ఇవి ఎందుకు జరిగాయి మామయ్యా అని నువ్వు అడిగితే, ఏదో ఒకటి చెప్పి ఇంటికి తీసుకొచ్చాను. ఇప్పుడు నువ్వే కనుక్కొని నాకు చెప్పు.

అక్కడ నీకిచ్చిన గది గోడలు ఇటుకవా, మట్టితో పేర్చిన రాతివా? మొదటి ఉత్తరంలోనే రాయి. రాతివైతే మంచం వరండాలోకి లాక్కొని పడుకో. చలి అంటావు, మీ అత్తయ్య దుప్పటి పంపుతున్నది.

నీ మామయ్య